ఓక్ ఈతకి వెళ్తోంది

మే 28, మంగళవారం

తోమ్ చదివేశాడు. నా చెవులతో విన్నాను. మెట్ల కింద గోడ మీద రాసిన "ఇక్కడ చెత్త పోయరాదు" అన్న మాటల్ని వేలు పెట్టి మరీ గడగడా చదివాడు. ఒకటో తరగతికి ఇంకా మూడు నెలలుంది. మా అమ్మాయి ఓక్ పక్కనే నోరు తెరుచుకుని నిలబడింది. దానికి బాలబడిలో చెప్పిన అక్షరాలు విడివిడిగా వచ్చు. గుండ్రటిది, టోపీ పెట్టుకున్నది, మీసం ఉన్నది. కూడబలుక్కుని చదవడం ఒకటో తరగతిలోనే నేర్పాలని రూలు. ఇద్దరివీ ముద్దుపేర్లే. తోమ్ అంటే రొయ్య, ఓక్ అంటే నత్త. పేరు పెట్టినప్పుడు నా బుద్ధి ఏమైందో.

తోమ్ వాళ్లమ్మ హోవాన్ అక్కది ఎదురిల్లు. ఈ హైఫాంగ్ ఊళ్లో అందరూ పిల్లల్ని దొంగచాటు ట్యూషన్లకి తోలుతున్నారు, మనం మాత్రం వద్దు, బడికి ముందు ఇదే ఆఖరి వేసవి, ఆడుకోనిద్దాం అని ఇద్దరం అనుకున్నాం. ముందు ఆ మాట అన్నది తనే.

మే 31

మంగళ, శుక్రవారాలు అక్క తోమ్‌ని స్కూటర్ మీద ఎక్కడికో తీసుకెళ్తోంది.

జూన్ 4

అడిగాను. ఈతకట. నవ్వుతూ చెప్పింది. అంత నవ్వెందుకు?

తిరిగొచ్చాక చూశాను. వాడి మెడ మీద, మోచేతుల మీద తెల్లటి పొడి. చెమటకాయల పౌడర్ అంది. నేను అడగనేలేదు, ఎందుకు చెప్పాలి? సుద్దముక్క పొడి నాకు తెలియదా? బాల్కనీలో తడి నిక్కరు ఆరేసింది. కుళాయి కింద పెడితే ఏ నిక్కరైనా తడుస్తుంది.

మా ఆయన నాది అనుమానం జబ్బు అన్నాడు. ఆయన రేవులో క్రేన్ నడుపుతాడు. అంత ఎత్తునుంచి చూస్తే అన్నీ చిన్నవిగానే కనిపిస్తాయి.

జూన్ 11, మంగళవారం

ఓక్‌కి ట్యూషన్ చెప్పడానికి టీచర్ బిక్ దొరికింది. రిటైరైన మనిషి. రైలు పట్టాల అవతల పైఅంతస్తు గది, మిట్టమధ్యాహ్నం కర్టెన్లు వేసి ఉంటాయి. చెప్పులు గుమ్మం బయట వదలకూడదు, గుట్ట చూసి ఎవరైనా పసిగడతారట. సంచిలో వేసుకుని లోపలికి తెచ్చుకోవాలి. పిల్లలంతా ఒళ్లో చెప్పుల సంచులు పెట్టుకుని కూర్చున్నారు.

ఎవరడిగినా ఈతకి వెళ్తున్నానని చెప్పమన్నాను ఓక్‌తో. తోమ్‌కి కూడానా అంది. తోమ్‌కే ముఖ్యంగా అన్నాను. చదవడం వచ్చినా రానట్టే ఉండాలి అన్నాను. తల ఊపింది.

ఇంటికొచ్చి కొత్త స్విమ్‌సూట్ కుళాయి కింద తడిపి తీగ మీద వేశాను. పసుపు రంగుది. ఎదురు బాల్కనీలోకి బాగా కనిపిస్తుంది.

జూలై 2

పీతల నూడుల్స్ కొట్టు దగ్గర ఓక్ బోర్డు చదవబోయి నా ముఖం చూసి టక్కున ఆగిపోయింది. ఎంత తెలివైన పిల్లో. అక్కడే ముద్దు పెట్టుకున్నాను.

జూలై 19

ఓక్ ఏ కొలనుకి వెళ్తోందని హోవాన్ అక్క అడిగింది. ఆరా తీస్తోంది. స్టేడియం వెనకది అన్నాను. నీళ్లు ఎలా ఉంటాయని ఓక్‌నే అడిగింది. చల్లగా ఉంటాయి పెద్దమ్మా, కళ్లు మండుతాయి అంది ఓక్, తడుముకోకుండా. కళ్లు మండుతాయని నేను నేర్పలేదు.

ఆగస్టు 16, శుక్రవారం, సాయంత్రం 6



నాకు చెప్పుల ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ పడింది. ఓక్‌ని హోవాన్ అక్క దగ్గర వదిలాను. ఇద్దరికీ ఈత వచ్చు కదా అని కొలనుకి తీసుకెళ్లింది. తోమ్ లోతువైపు దూకాడు. వెనకే ఓక్ కూడా దూకింది.

అక్క కట్టుబట్టలతో దూకి బయటికి లాగింది. నేను వెళ్లేసరికి జుట్టులోంచి నీళ్లు కారుతుండగా ఓక్‌ని గుండెకి హత్తుకుని కూర్చుంది.

"ఇన్నాళ్లూ ఆ కోచ్ ఏం వెలగబెట్టాడే? పద, వాడి సంగతి నేను తేలుస్తాను."

వద్దక్కా అని మాత్రం అన్నాను. ఎందుకు దూకావని ఇంటికొచ్చాక అడిగాను. ఈత రాదంటే పెద్దమ్మకి తెలిసిపోతుంది కదా అంది ఓక్.

తోమ్ నీళ్లలో చేపలా తిరుగుతాడట. నిజంగా ఈతకే వెళ్లాడు.

ఆగస్టు 18

పొద్దున్నే తోమ్ తాత చెత్త పోసేవాణ్ణి పట్టుకుని గోడ మీద మాటలు అరిచి వినిపించాడు. రోజూ అరుస్తాడు. పక్కనే తోమ్ కూడా వేలు పెట్టి అరిచాడు. కరెంటు కోత నోటీసు చూపించి ఇది చదవరా అన్నాను. "ఇక్కడ చెత్త పోయరాదు" అని గడగడా చదివాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. చెప్పేద్దామని అక్క ఇంటికి వెళ్లాను. ఓక్ కోసం గాలి ఊదే చేతిపట్టీలు కొని తెచ్చి ఉంచింది. వాటిని తీసుకుని తిరిగొచ్చాను.

సెప్టెంబర్ 9, సోమవారం

బడి నుంచి టీచర్ ఫోన్. గుండ్రటి అక్షరం కనిపించగానే తోమ్ బెంచీ ఎక్కి సంబరంగా కేకలు పెడుతున్నాడట. ఓక్ మాత్రం ఏది చూపించినా తెలియదంటోందట. టోపీది, మీసంది కూడా. ఎవరైనా డాక్టరుకి చూపిస్తే మంచిదేమో అంది, మెల్లగా.

పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. ఇప్పుడు చదవొచ్చు, అందరి ముందూ చదవొచ్చు అన్నాను. ఓక్ నా ముఖంలోకి చూసింది. ఈ వేసవంతా నేను హోవాన్ అక్కని చూసిన చూపు అది.

"నాకు చదవడం రాదమ్మా. నేను ఈతకి కదా వెళ్లింది."

సెప్టెంబర్ 10, మంగళవారం

తీగ మీద పసుపు స్విమ్‌సూట్. నీళ్లు కారుతున్నాయి. కుళాయి నుంచి తీగ దాకా చిన్ని తడి అడుగులు. నేను తడపలేదు.