పౌడరు పూసుకోవద్దు

అవ్వా,

జూన్ 9, సోమవారం. నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే నాయన నన్ను పట్టుపురుగుల షెడ్డులోకి పిలిచాడు. "ఈ పని నీకు యాలమ్మా? పోయి చదువుకో" అని నువ్వు నన్నెప్పుడూ ఆ గడప తొక్కనివ్వలేదు.

మొన్న చింతామణి నుంచి బెంగళూరుకు ఇంటర్వ్యూకు వెళ్ళాను. డిగ్రీ మార్కులు బాగున్నాయన్నారు. ఇంగ్లిష్‌లో మాట్లాడమంటే నాకిష్టమైన తెలుగు, కన్నడ మాటలే నోటికొచ్చాయి. "కన్నడ మీడియమా?" అని నవ్వి, ఇంకో అమ్మాయిని పిలిచారు.

పొద్దున షెడ్డు దగ్గర నాయన అదేమీ అడగలేదు. "కాళ్ళు కడుక్కోని రా తల్లీ. పౌడరు మాత్రం పూసుకోవద్దు, ఆ వాసనకు పురుగులు సచ్చిపోతాయి" అన్నాడు.

ఇంటర్వ్యూల కోసం కొన్న పౌడరు డబ్బా చెల్లెలికిచ్చేశాను. రేపు ఎండెక్కకముందే నీ కొడవలి తీసుకుని మల్బరీ ఆకు కోతకు పోతాను.