లెక్కలో లేని కొంగ

మార్చి 3
డాక్టరమ్మ ఫారం ఇచ్చింది. ఈ ఒక్క ఒంట్లో మీరెంతమంది ఉన్నారో, పేర్లూ వయసులూ రాయమంది. ముగ్గురం అని రాశాను. నేను, ఫోన్లన్నీ మాట్లాడే పెద్దమ్మ, చీకటంటే వణికే చిన్నది. మాతోపాటు లోపలే ఉండే కొంగను రాయలేదు. వయసు గడిలో ఏం రాయను? లోపల ఇంకా మనుషులున్నారని నమ్మడానికే డాక్టరమ్మకు ఆరు నెలలు పట్టింది. కొంగ అంటే నవ్వుతుందేమోనని సిగ్గేసింది.

బయటికొచ్చాక పెద్దమ్మ లోపల్నుంచి సణిగింది. ఏమే, ఇంట్లోవాళ్లను లెక్కలోంచి తీసేస్తారా అని. అది మనిషి కాదుగా అన్నాను.

మార్చి 4
కళ్లజోళ్ల షాపు వెనక గదిలో నా బల్ల. ఫ్రేములకు ఆవగింజలో సగముండే స్క్రూలు బిగించాలి. రోజూ ఆ పని కొంగదే. అది ముందుకొస్తే మెడ నిలిచిపోతుంది, ఊపిరి సన్నబడుతుంది, లోపల ఒక్క మాట ఉండదు. చూసి చూసి ఒక్కసారి వంగుతుంది, స్క్రూ దిగిపోతుంది. కొంగజపం అని లోకం వెక్కిరిస్తుంది గానీ, అంత నిజాయితీగా కూర్చునే మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఈరోజు రాలేదు. ఏడు స్క్రూలు నేలపాలయ్యాయి.

మార్చి 5
రాలేదు.

మార్చి 8, మధ్యాహ్నం
ఓనరు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. స్క్రూలు జారిపోతున్నాయి, కొన్నాళ్లు కౌంటర్లో కూర్చోమన్నాడు. మంచివాడే. కౌంటర్లో పెద్దమ్మ గలగలా మాట్లాడింది. నేను వెనకాల ఊరికే ఉండిపోయాను.

ముగ్గురం ఉన్నా లోపలంతా బోసిగా ఉంది. వీళ్లిద్దరికీ నాతో ఎప్పుడూ ఏదో ఒక పని. కొంగకు నానుంచి ఏమీ అక్కర్లేదు, పక్కన నిలబడేది, అంతే. చిన్నప్పుడు తలుపు వెనక నక్కి, నాన్న అరుపులు ఆగేదాకా కదలకూడదనుకున్న రోజున వచ్చింది. వీళ్లిద్దరికంటే ముందు. నాకు మొదటి తోబుట్టువు అదే. దాన్ని పట్టుకుని మనిషి కాదుగా అన్నాను. నా నోరు పడిపోను.

మార్చి 10
నన్ను కూడా లెక్కలోంచి కొట్టేస్తావా అని చిన్నది అడిగింది. లేదన్నాను. నమ్మలేదు.

మార్చి 11
ఫారం వెనక్కి అడిగి తీసుకున్నాను. నాలుగో వరసలో కొంగ అని రాశాను. వయసు తెలియదు, మాట్లాడదు, అందరికంటే ముందు వచ్చింది అని కూడా రాశాను. డాక్టరమ్మ నవ్వలేదు. అది మీకేం చేసిపెడుతుంది అని అడిగింది. నిలబడుతుంది అన్నాను. అంతే, వారం రోజుల ఏడుపు ఒక్కసారే వచ్చింది. ఇప్పుడు రాశాను కదా, తిరిగొస్తుందా అని అడిగాను. తనకు తెలియదంది. తెలియదని ఒప్పుకున్న డాక్టర్ని చూడటం ఇదే మొదలు.

మార్చి 12
లేదు.

మార్చి 15
పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఎక్కడున్నానో తెలియదు. తెలివొచ్చేసరికి స్నానాలతొట్టిలో, చీలమండల లోతు చల్లటి నీళ్లలో, ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను. ఆ కాలు మొద్దుబారిపోయింది. రెండోది కింద పెట్టలేదు.