వేళ్ళకి సిగ్గు

మార్చి 6, గురువారం.

అమ్మా, పొద్దున్నే ఒక ఆశ్చర్యం. ఎల్లుండి అక్క కూతురికి మొదటి పియానో పరీక్ష. నేను పక్కన కూర్చుంటే వేళ్ళు బిగుసుకుపోయే పిల్ల, నేను వంటింట్లో బఠానీలు ఒలుస్తుంటే మూడు పాటలూ తప్పు లేకుండా వాయించేసింది.

"ఇన్నాళ్ళూ ఏమైందే?" అన్నాను.

"నువ్వు గుడ్లప్పగించి చూస్తావు పిన్నీ, వేళ్ళకి సిగ్గేస్తుంది!"

చిన్నప్పుడు నేను ఎక్కాలు అప్పజెబుతుంటే నువ్వు అటు తిరిగి గిన్నెలు తోమేదానివి. వినడం లేదని అలిగేదాన్ని. నేను తప్పు చెప్పినప్పుడల్లా ఆ గిన్నెల చప్పుడు ఆగేదని ఇవాళే గుర్తొచ్చింది. అలా వినడాన్ని ఏమంటారో రాయి.

నాన్న దగ్గు తగ్గిందా? నా నీలం స్వెటర్ పంపు. ఇద్దరికీ నమస్కారాలు. పరీక్ష పెట్టేవాళ్ళు ఎలాగూ చూస్తారు కనుక, దానికి అలవాటయ్యేలా రేపు పొద్దున్న అది వాయిస్తుంటే అటు తిరిగి కూర్చుని, పాట పాటకీ కాస్త కాస్త ఇటు తిరుగుతాను.