మెడ కోయించుకోనన్న తమ్ముడు

రాజపాళయం, పంగుణి నెల 3

ప్రియమైన తమ్ముడు రఘురామకు,

ప్రియమైన అని అలవాటుకొద్దీ రాశాను, పొంగిపోకు. ఫోన్ ఎత్తవు కనుక కాగితం. పెళ్లిపందిట్లో నీ కుడిచెయ్యి వాలిపోయి, పది నిమిషాలు మాట రాకపోవడం అందరూ చూశారు. మదురై డాక్టర్ ఏమన్నాడు? మెడలో రక్తనాళం పూడుకుపోతోంది, రెండు వారాల్లో కోసి శుభ్రం చేయాలి, లేకపోతే పక్షవాతం అన్నాడు కదా! మాత్రలు చాలంటావా? బుద్ధుందా నీకు?

నీ అక్క పంకజం

మదురై, పంగుణి 5

అక్కకు,

నాయన ఆపరేషన్‌కు ఒప్పుకున్నది ఎవరు? నువ్వే. ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు. ఇప్పుడు నా మెడ కావాల్సి వచ్చిందా? గుండెదడకు నువ్వు రోజూ క్యాప్సూల్ మింగుతున్నావే, నిన్నెవరైనా కోశారా? నేనూ మందులతోనే బతుకుతాను. ఇక రాయకు.

రఘురామ

రాజపాళయం, పంగుణి 7

రఘురామకు,

రాస్తాను, ఏం చేస్తావు? నాకు రక్తం గడ్డకట్టకుండా ఆ క్యాప్సూల్ చాలు. నీకు మందూ కావాలి, కత్తీ కావాలి. నాయన మాట ఎత్తావు కనుక చచ్చేదాకా నీ గడప తొక్కను. నేను మారియమ్మకు మొక్కి చేతికి కాప్పుదారం కట్టుకుని వ్రతంలో ఉన్నాను. ఎందుకని అడక్కు.

పంకజం

మదురై, పంగుణి 15

అక్కా,

నీ కూతురు అభిరామి ఫోన్‌లో ఏడ్చింది. "మామా, అమ్మకు కుడిపక్క పడిపోయినాది, మాటే రాలేదు. కాప్పు కట్టినప్పటినుంచి ఆ క్యాప్సూల్ ముట్టలేదు. తొడుగు ఎముకలతో చేసేదంట, వ్రతంలో కూడదనింది. మీ మెడ బాగుండాలనే పూక్కుళి నిప్పుల్లో దిగతానని మొక్కుకునింది" అంది.

ఆ తొడుగులో ఎముకా మాంసం ఏమీ లేవట, ఇక్కడి డాక్టర్ చెప్పాడు! మందుల అంగడిలో ఒక్కమాట అడిగి ఉంటే పోయేది కదే! నా కోసం నిప్పుల్లో నడవమని నిన్నెవరు అడిగారు? నాకు ఒళ్లు మండిపోతోంది. ఏడుపూ వస్తోంది.

ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. నన్ను ఆస్పత్రిలో చేర్చుకున్నారు, కదలనివ్వరు. ఎల్లుండి మెడ కోస్తారు. భయంగా ఉందక్కా.

నీ ఎడమచెయ్యి కదులుతోందట. అభిరామి ఇది చదివి వినిపిస్తుంది. కోపమొస్తే లాక్కుని చించెయ్. చించావని తెలిస్తే చాలు, ధైర్యంగా బల్ల ఎక్కుతాను.

నీ తమ్ముడు
రఘురామ