ఉప్పు రాశి పక్కన పన్నెండు పాదాలు

1978 జూన్ 4, ఆదివారం. హుమ్మ ఉప్పు మడులు.
ఉదయం 6. ఈ రోజు నుంచి నేను కవిని! బరంపురంలో బట్టల కొట్టు నడిపే నా చిన్ననాటి స్నేహితుడు కూర్మారావు నిన్న కబురు పంపాడు. అక్కడి తెలుగువాళ్ల సంఘం సంచిక వేస్తోందట. విషయం: వేసవి నిశ్శబ్దంగా ముగియడం, కాలం గడిచిపోవడం. పన్నెండు పాదాలు. గడువు జూన్ 20. కింద నా పేరు, పేరు ముందు "కవి" అని అచ్చు వేస్తారు. రోజుకొక పాదం రాసినా నాలుగు రోజులు మిగులుతాయి.

చేయవలసినవి:
1. కవిత.
2. ఉప్పు రాశికి తాటాకు.
3. సైకిలు చైను.

రెండోది పెద్ద పనేమీ కాదు. నాలుగు నెలలు నేనూ నా భార్య పుణ్యవతీ మడుల్లో గోకి పోసిన ఉప్పంతా ఒకే రాశిగా ఉంది. వాన పడేలోగా ఆకు కప్పి, నీరు దూరకుండా అడుగున చుట్టూ మట్టికట్టు వేయాలి. వేసవి ముగియడానికి ఇంకా టైముంది.

జూన్ 5.
మొదటి పాదం! "మామిడి తోపులో కోయిల మూగవోయింది." పక్క మడి దాలయ్యకు చదివి వినిపించాను.
"మావిడితోపెక్కడుంది బావా ఇక్కడ?"
"కవితలో ఉంది."
"కోయిలో?"
"అదీ అందులోనే."
"మరి నీ ఉప్పుకి ఆకు?"
రసం తెలియని మనిషి. తన రాశికి ఆకు, మట్టి అప్పుడే అయిపోయాయి.

జూన్ 8.
నిలిచిన పాదాలు: ఒకటి. కొట్టేసినవి: తొమ్మిది. తప్పు నాది కాదు. ఇంత ఎండలో కూర్చుని ఎండ వెళ్లిపోయిందని ఎలా రాయను? ముగింపును కళ్లారా చూడాలి. మధ్యాహ్నమంతా ఆకాశం చూశాను.
పుణ్యవతి: "ఏటి మావా, అంతసేపు పైకి సూస్తన్నావు, ఆ మబ్బు మాత్రం అగుపడ్డం లేదేటి?"

జూన్ 11.
తాటాకు బండి వచ్చింది. దింపించాను. అలిసిపోయాను. పాదాలు: ఒకటి. సైకిలు చైను: అలాగే.

జూన్ 13.
సాయంత్రం 4. ఆకు కప్పడం అయిపోయింది! దాలయ్య సాయం పట్టాడు. తాళ్లు బిగించాం. ఇక మట్టే.
"గంట పని. ఇప్పుడే ఏసేద్దాం," అంది పుణ్యవతి. సరిగ్గా అప్పుడే రెండో పాదం నాలుక చివరికి వచ్చింది. పార పడితే పోతుంది. రేపు వేద్దామన్నాను.
"రేపు రజ పండగ! మూడ్రోజులు ఎవులూ మట్టి తవ్వరు. ఆ మాట నీకు నాను సెప్పాలా?"
ఆకాశం శుభ్రంగా ఉంది. మూడు రోజుల్లో ఏమవుతుందన్నాను. గట్టు మీద కూర్చుని కలం మూత తీశాను.
పాదం పోయింది.

జూన్ 14. రజ మొదటి రోజు.
భూదేవికి ముట్టు రోజులు కనక మూడు రోజులు భూమికి సెలవు. ఒడియావాళ్లు, మనవాళ్లు అని లేదు, ఆడవాళ్లంతా ఊయలల మీదే. పనిముట్టు ముట్టరాదు. కలం కూడా పనిముట్టే కదా. ముట్టలేదు.

జూన్ 15.
మధ్యాహ్నం 3. ఉరుములు! గాలి! రెండు గంటలు కుండపోత. దీన్ని వేసవి ముగింపుగా ఒప్పుకోను. ముగింపు నిశ్శబ్దంగా ఉండాలని కూర్మారావు స్పష్టంగా చెప్పాడు.
పుణ్యవతి పార తీసుకుని గుమ్మం దాటింది. పక్కింటి ముసలి కాసమ్మ అడ్డం వచ్చింది. "ఓలమ్మా, రజలో భూవిని పొడుస్తావేటి? ఈ ఏడు ఏ కీడొచ్చినా ఊరంతా నీ పేరే సెప్తాది." పుణ్యవతి పారను గోడకు ఆనించింది. నా వైపు చూసింది. 

జూన్ 16.
సన్న వాన. దూరం నుంచి రాశిని చూసి వచ్చాను. నిలబడే ఉంది. అనవసరంగా కంగారు పడ్డాం.

జూన్ 17.
ఉదయం 6. పారలు తీసుకుని వెళ్లాం. పైన ఆకు కొంచెం కుంగింది, అంతే. పుణ్యవతి ఒక ఆకు ఎత్తింది. లోపల బోలు. అడుగు నుంచి నీరు దూరి, సగం ఉప్పు కరిగి కాలవలో కలిసిపోయింది. రెండు రోజులూ ఏ చప్పుడూ లేదు.
"నాలుగు నెల్లు, మావా," అంది.  వంగి మట్టి తవ్వడం మొదలుపెట్టింది. నేను మోశాను.

జూన్ 19.
మట్టికట్టు పూర్తి. దాని చుట్టూ పుణ్యవతి వేళ్ల గుర్తులు. పక్కనే కూర్చుంటే ఆలోచించకుండానే వచ్చింది:

ఆకు కింద ఉప్పు కరిగింది.
మేం పైకే చూస్తున్నాం.

దాలయ్యకు చదివాను.  "ఇది కవితేటి బావా? జరిగిందే కదా," అన్నాడు.
నిజమే. కోయిల లేదు. కొట్టేశాను.

జూన్ 21.
గడువు దాటింది. ఏమీ పరవాలేదు! కూర్మారావు మళ్లీ కబురు పంపాడు. నాలాంటి కవులు ఇంకా చాలామంది ఉన్నారట, ఎవరూ ఇవ్వలేదట. సంచిక దీపావళికి మారింది. ఇప్పుడు వానాకాలం నిశ్శబ్దంగా ముగియడం మీద రాయాలి.
పుణ్యవతికి చెప్పాను.
"రాసుకో. లారీ వొచ్చి ఆ మిగిలిన ఉప్పు ఎత్తుకెల్లేదాకా, రాశి కాడే కూకోని రాసుకో," అని పార నా చేతికిచ్చింది.

సాయంత్రం 5. రాశి దగ్గర. ఈ రోజు నుంచి రోజుకొక పాదం! నాలుగు నెలల పైన టైముంది. మొదటిది అప్పుడే వచ్చేసింది: "మామిడి తోపులో నెమలి ఆట చాలించింది."
దాలయ్యకు ఈసారి వినిపించను.