షుగరు ఎలుకలు, అక్క నడుము

1982 జూన్ 14, అమలాపురం
కాలేజీ తెరిచారు. షుగరు ఎముకలకి ఏం చేస్తుందో చూద్దామని వేసవిలో నేను మందిచ్చి షుగరు తెప్పించిన ఎలుకలు... బోనుల్లో నీళ్ళు తాగుతూనే ఉన్నాయి. తను పాఠాలు చెప్పే బడి వదిలాక అక్క వచ్చింది, కలిసి ఇంటికెళ్దామని. వాటి ముందు కాసేపు నిలబడి, నాలాగే దాహం పాపం, అంది.

జూన్ 27, ఆదివారం
చర్చికి బయల్దేరుతుంటే అక్క చీర అంచు కాలికి తగిలి తడబడింది. పాత చీరే. ఇదివరకు చీలమండల పైకి ఉండేది, ఇప్పుడు నేల ఊడుస్తోంది. చీర పెరగదు కదా...
రాజోలు గుర్తొచ్చింది. అమ్మ పోయిన ఏడాది వరదనీళ్ళు వీధిలోకి వస్తే, అక్క నన్ను వీపున వేసుకుని బడికి తీసుకెళ్ళేది. ఎంత గట్టి వీపు! దాని మీదే నిద్రపోయేదాన్ని. తనకి అప్పటికే షుగరు. తడి ఇసుక కుండలో ఇన్సులిన్ సీసా, పొయ్యి మీద మరిగే గాజు సిరంజి — ఆ ఆవిరి వాసన ఇప్పటికీ ఇష్టమే.

జూలై 8
ఇన్సులిన్ ఇవ్వని షుగరు ఎలుకల వెన్ను విప్పి చూశాను. షుగరు లేని ఎలుకల పూసలు పటకారుకి ఆగుతాయి. వీటివి నలిగిపోతున్నాయి. తొడ ఎముక పట్టుకోగానే పుటుక్కుమంది. నేను వెతుకుతున్నది దొరికినట్టే. సంతోషం రావాలి... రాలేదు.

జూలై 9
బోర్డు పైవరసకి చెయ్యి అందడం లేదట అక్కకి. నవ్వుతూ చెప్పింది.

జూలై 17
కాకినాడలో అక్కకి ఎక్స్‌రే. నడుములో రెండు పూసలు అణిగిపోయాయి. నలభై రెండేళ్ళకే. షుగరు వల్లనా అని అడిగాను. "కావచ్చండీ, ఖాయంగా చెప్పలేం" అన్నారు డాక్టరు గారు. ఆయ్ అండీ, ఆయ్ అండీ అంటూ విన్నది అక్క.
తిరుగు బస్సులో —
"నీ ఎలకలక్కూడా ఇంతేనేటే?"
అబద్ధం నోట రాలేదు. ఇంతే అన్నాను. కిటికీలోంచి కొబ్బరితోటలు చూసింది.
"ఇన్సులినిచ్చినవాటిక్కూడానా?"
వాటిని ఇంకా కొయ్యలేదని చెప్పాను.

జూలై 18
చర్చిలో అక్క కూర్చునే పాడింది. గొంతు మాత్రం రాజోలు నాటిదే.

జూలై 19
ఇవాళ ఇన్సులిన్ ఇచ్చిన ఎలుకల వంతు. కత్తెర, పటకారు కడిగి పెట్టుకున్నాను. బోను తీస్తే ఒకటి వచ్చి నా వేళ్ళు వాసన చూసింది... తలుపు వేసేశాను.
ఇంటికొచ్చాను. ఇవాళ వాటి వంతని అక్కకి తెలుసు. అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని నా మొహమే చూస్తోంది.