ఎనిమిదో మిషన్

అన్నయ్యకి,

నమస్కారాలు. అమ్మా, నాన్నా, నేనూ ఇక్కడ బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నావని నీ ఉత్తరం చూస్తేనే తెలిసింది. ఒంట్లో సత్తువ లేనివాడు మూడు పేజీలు తిట్టలేడు.

ఫోన్లు అమ్ముకునేవాడివి ఉత్తరం పంపావేమిటా అనుకున్నాను. చదివితే తెలిసింది, అది ఉత్తరం కాదు, నోటీసు. "తక్షణమే", "బాధ్యత వహించవలసి ఉంటుంది" వంటి మాటలు బడి ఎగ్గొట్టి చెట్లెక్కినవాడికి ఎక్కడివి? నీ మేనేజరు టైపు చేసి ఉంటాడు. నీటి సరఫరా ఆఫీసులో రోజంతా ఫిర్యాదులు చదవడమే నా ఉద్యోగం. కుళాయి తిప్పకుండానే నీళ్లు రావడం లేదని రాసేవాళ్లని మొదటి వాక్యంలోనే పట్టేస్తాను.

నువ్వు ఫోన్లో అయితే సగంలో పెట్టేస్తావు కాబట్టి నేనూ కాగితం మీదే జవాబిస్తున్నాను. వేళకి తింటున్నావో లేదో కనుక్కోమంది అమ్మ. కనుక్కున్నాను. సమాధానం ఆవిడకి చెప్పుకో, నాకక్కర్లేదు.

లారీలో వచ్చిన ఏడు పిన్‌బాల్ మిషన్లలో ఒక్కటీ వెలగడం లేదనీ, నాన్న కడుపుమంటతో లోపలి సామాను పీకేశారనీ రాశావు. లారీ ఎక్కించే ముందు నాన్న వాటి తలలు, ఆ స్కోరు చూపించే పెట్టెలు, విప్పి చూసి, "ఇవి వెలగవు, అన్నయ్యకి చెప్పమ్మా" అన్నారు. నేను నీకు ఫోన్ చేశాను. "నువ్వు నీ ఆఫీసు కాగితాలు చూసుకో, మిషన్ల సంగతి నాకు చెప్పకు" అన్నావు. చెప్పడం మానేశాను. ఇప్పుడు చెబుతాను, విను.

నువ్వు మన ఊరి బజార్లో ఫోన్ల షాపు తెరిచిన ఏడాదికల్లా నాన్న పిన్‌బాల్ హాల్లో కుర్రాళ్లు పలచబడ్డారు. అద్దం కింద ఏటవాలు బల్ల మీద ఉక్కు గుండుని రెండు రెక్కలతో కొట్టి పైకి తరిమే ఆట, జేబులో ఇమిడే ఆట ముందు నిలవలేదు. దానికి నిన్నేమీ అనను, కాలం అలా వచ్చింది. కానీ షట్టరు దించింది మాత్రం కాలం కాదు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. నాన్న చేతిలో చిన్న స్క్రూడ్రైవరు ఉంది.

"ఆగరా. ఒక్కోదాని తలలో మూడేసి పెన్సిల్ సెల్స్ ఉంటాయి, పెద్ద స్కోర్లు మరిచిపోకుండా. తీసెయ్యకపోతే కారిపోతాయి."

"పీనుగుకి సింగారం దేనికి నాన్నా? పద, ఆకలేస్తోంది."

షట్టరు దించి, తాళం చెవి జేబులో వేసుకున్నావు. తర్వాత ఏళ్ల తరబడి నీ ఖాళీ ఫోను పెట్టెలన్నీ ఆ హాల్లోనే కుక్కావు. లోపల ఆ సెల్స్ పుండు పగిలినట్టు పగిలి, పచ్చటి రసం కారి, పక్కనున్న బోర్డు మీది రాగి గీతల్ని తినేశాయి. నాన్న ఏమీ పీకలేదు. నువ్వు పీకనివ్వలేదు, అంతే.

నాన్నని వెంటనే పంపమని రాశావు. ఇప్పుడు పట్నంలో నీ ఫోన్ల షాపు పైన "పాతకాలపు ఆటల గది" తెరుస్తున్నావట. ఆయనకి టోపీ, యూనిఫారం నువ్వే కుట్టిస్తావట. వచ్చినవాళ్ల ముందు మిషన్లు విప్పుతూ కూర్చోవాలట, ఫొటోలకి బాగుంటుందట. ఒకప్పుడు నీ స్నేహితులు వస్తుంటే, చేతులకి నూనె మరకలున్నాయని ఆయన్ని పెరటి దారిన రమ్మన్నావు. ఇప్పుడు ఆ మరకలకే గిరాకీ వచ్చినట్టుంది. ఆయన నీకు తండ్రా, ఎనిమిదో మిషనా?

ఎనిమిదోది అంటే గుర్తొచ్చింది. హాల్లో సాయంత్రాలు లైటు వెలుగుతోందని పక్క షాపు బార్బరు నీ చెవిన వేశాడట, నిజమేనా అని అడిగావు. నిజమే. లారీ కోసం నువ్వు పంపిన తాళం చెవి నా దగ్గరే ఉండిపోయింది. మూలనున్న ఎనిమిదో మిషన్‌ని చెదలు తినేశాయని లారీవాడితో చెప్పింది నేను. అబద్ధం చెప్పాను. దానికి చెద కాదు కదా, చీమ కూడా పట్టలేదు.

అదెలా బతికిందో నీకు తెలియదు. నువ్వు హాలు మూయడానికి వారం ముందే నాకు స్కూలు చివరి పరీక్షలు. రోజూ సాయంత్రం కరెంటు పోయేది. నా టార్చిలో సెల్స్ అయిపోయాయని ఏడుస్తూ కూర్చుంటే, నాన్న మూల మిషన్ తల విప్పి, అందులోని మూడు సెల్స్ తీసి నా చేతిలో పెట్టారు. "మరి దాని స్కోర్లు పోతాయి కదా నాన్నా?" అన్నాను. "దానికి గుర్తు లేకపోయినా కొంప మునగదు. నీకు గుర్తుండాలి" అన్నారు. మన ఇంట్లో మొదటిసారి ఒకరు పరీక్ష పాసయింది ఆ వెలుగులోనే. సెల్స్ తీసేసిన ఆ ఒక్క మిషనే ఇన్నాళ్లూ కారకుండా మిగిలింది. ఫ్యూజూ, రెక్కల రబ్బర్లూ మారిస్తే చాలు, ఒళ్లంతా దీపాలై లేచింది.

ఇప్పుడు దాని చుట్టూ జనం. బస్సు డ్రైవరు డ్యూటీ దిగి నేరుగా ఇంటికి పోవడం లేదు. బార్బరు సగం గడ్డం గీసి కస్టమర్ని కుర్చీలో వదిలేసి వస్తున్నాడు. ఆసుపత్రి నర్సు నిన్న గుండు కింద పడిపోయిందన్న కోపంతో మిషన్ పక్క మీద ఒక్కటిచ్చింది.

"కొట్టకమ్మా, అది నీ మొగుడు కాదు!" అని అరిచారు నాన్న.

"మొగుడైతే ఒక్క దెబ్బకే మాట వినేవాడు బాబాయ్!" అందామె.

నాన్న నవ్వారు. ఆ నవ్వు ఎన్నాళ్లకి విన్నానో నీకు చెప్పినా అర్థం కాదు. ఆ మిషన్ నీకు రాదు. మేనేజరుతో ఇంకో నోటీసు రాయించినా రాదు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. మామూలుగా నీ మాటలకి కాస్త చక్కెర అద్ది చెప్పేదాన్ని. ఈసారి అక్షరం వదల్లేదు. "కడుపుమంట" దగ్గర అమ్మ పళ్లెం నేలకేసి కొట్టి లోపలికి వెళ్లిపోయింది. నాన్న మాత్రం, "పాపం, వాడు వాటిని మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూస్తున్నాడేమో. చెయ్యొద్దని రాయమ్మా, మిగిలినవి కూడా కాలిపోతాయి" అన్నారు. ఇదొక్కటీ రాస్తున్నాను. నీ కోసం కాదు, ఆ మిషన్ల కోసం. ఆన్ చెయ్యకు.

తర్వాత ఆయన కళ్లు మూసుకుని మొత్తం చెప్పారు. ఆ పచ్చ రసాన్ని దేనితో కడగాలో, ఎంత ఆరనివ్వాలో, తెగిన గీతల్ని ఎక్కడ నుంచి ఎక్కడికి కలపాలో, ఏడింట్లో ఏవి బతుకుతాయో, ఏది ఇక లేవదో. నెమ్మదిగా, నా చెయ్యి నొప్పెడుతుందేమోనని మధ్యలో ఆగుతూ చెప్పారు. ఆయన చెబుతున్నంతసేపూ నేను రాస్తూనే ఉన్నాను. కానీ రాసింది ఆయన చెప్పింది కాదు, ఈ ఉత్తరం మొదటి పేజీ.

"ఏదీ, ఒకసారి చదువు" అన్నారు చివర. నిన్ను తిట్టిన కాగితం ముందు పెట్టుకుని, ఆయన చెప్పిందంతా పొల్లు పోకుండా అప్పజెప్పాను. ఆయనకి చదవడం రాదు. సరిగ్గా ఉందని తలూపారు. నేను చేసింది తప్పని నాకు తెలుసు. నన్ను చదివించిన మనిషిని ఆ చదువుతోనే మోసం చేశాను. అయినా ఈ కాగితం చించి మళ్లీ రాయబుద్ధి కావడం లేదు.

నీ గది తెరిచే రోజు దగ్గరపడింది. ఆ వైద్యం కావాలంటే నువ్వే రా. వచ్చి, హాల్లో ఆయన పక్కన నిలబడి, నేర్పమని నీ నోటితో అడుగు. క్షమాపణ కూడా అడిగించుకోరాయన. నువ్వు గడప దాటీ దాటకముందే స్క్రూడ్రైవరు నీ చేతిలో పెట్టేస్తారు. నాకు మండేది అక్కడే. అందుకే కనీసం ఆ దారి ఖర్చైనా నీకు తగలాలని ఇలా చేశాను.

వచ్చేటప్పుడు మేనేజరుని వెంటబెట్టుకురాకు. వాడి భాష నాన్నకి అర్థం కాదు.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క చెల్లెలు